పలుచని రంగు కాటన్ బట్ట: దిగుమతి కోడు ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది

క్లుప్తంగా: కాటన్ 85% లేదా అంతకు మించి ఉండి, చదరపు మీటరుకు 200 గ్రాములు దాటని నేత బట్టకు కస్టమ్స్ టారిఫ్‌లో శీర్షిక 5208. అందులో రంగు వేసిన బట్టకు 5208.31, 5208.32, 5208.33, 5208.39 అని నాలుగు గదులున్నాయి. బట్ట ఏ గదిలోకి వెళ్తుందో తేల్చేది ఇన్‌వాయిస్ మీది పేరు కాదు. బరువు, పోగుల రంగు, నేత తీరు తేలుస్తాయి. పేచీలు ఎక్కువగా వచ్చేది మూడు చోట్ల: 100 గ్రాముల గీత దగ్గర, 85% గీత దగ్గర, ‘రంగు వేసిన’ అనే మాట దగ్గర.

పత్తి వేరు, బట్ట వేరు

2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం పత్తి దిగుమతిపై సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అని, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. అప్పుడు పోయిన 11 శాతంలో 5 శాతం మూల సుంకం, 5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు, ఈ రెండిటి మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ. ‘కాటన్ మీద డ్యూటీ పోయింది’ అన్న మాట చెవిన పడితే, చెన్నై జార్జ్‌టౌన్‌లోని గొడౌన్ వీధిలో తాన్లు అమ్మే వ్యాపారికీ బెంగళూరు చిక్‌పేటలో లైనింగు బట్ట తెప్పించే దుకాణానికీ మనకూ వర్తిస్తుందా అనే సందేహం రావడం సహజం. వర్తించలేదు. ఆ మినహాయింపు శీర్షిక 5201కి, అంటే ఏకని, దువ్వని దూదికి మాత్రమే. దారం, బట్ట వేరే శీర్షికలు. వాటి సుంకం ఆ నెలల్లోనూ మారలేదు.

తెలుగులో ‘నూలు’ అంటే దారమూ అవుతుంది, కాటన్ అనే అర్థమూ వస్తుంది. మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు. టారిఫ్ దగ్గర మాత్రం ఒక్క మాట తేడాతో శీర్షిక మారిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో నారను కాటన్ అని, దారాన్ని పోగు అని రాస్తున్నాం.

టారిఫ్ అడిగే వరుస

కోడు వెతికేటప్పుడు చాలామంది బట్ట పేరుతో మొదలుపెడతారు. ‘ఇది వాయిల్, వాయిల్‌కు కోడేంటి?’ అని అడుగుతారు. టారిఫ్ అలా నడవదు. అది ముందు బట్ట నేసినదా, అల్లినదా అని చూస్తుంది. అల్లినదైతే, అంటే నిట్ అయితే, కథ 60వ అధ్యాయంలోకి వెళ్లిపోతుంది. నేసినదైతే అందులో ఏ నార ఎంత బరువుందో చూస్తుంది. ఆ తర్వాత చదరపు మీటరు బరువు 200 గ్రాముల లోపా, పైనా అన్నది. పైనైతే 5209. లోపైతే గ్రే బట్టా (బ్లీచ్ చేయని పచ్చి బట్టా), బ్లీచ్ చేసినదా, రంగు వేసినదా, వేర్వేరు రంగుల పోగులతో నేసినదా, అచ్చు వేసినదా అన్నది. చిట్టచివర నేత తీరు.

రంగు వేసినదని తేలితే, సాదా నేతలో 100 గ్రాములు దాటనిది 5208.31, దాటినది 5208.32. మూడు పోగుల లేదా నాలుగు పోగుల ట్విల్ అయితే, క్రాస్ ట్విల్‌తో సహా, 5208.33. మిగిలినవన్నీ 5208.39. ఈ ఆరు అంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ హెచ్‌ఎస్ అనే సరుకుల కోడ్ల పద్ధతిని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. తేడాలు ఏడో అంకె నుంచి మొదలవుతాయి. ఐరోపా సమాఖ్య 5208.32 లోపల 130 గ్రాముల దగ్గర మరో గీత, 165 సెంటీమీటర్ల వెడల్పు దగ్గర ఇంకో గీత గీసింది. అమెరికా పోగు సన్నదనం, అంటే కౌంటు చూస్తుంది (కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం): సగటు మెట్రిక్ కౌంటు 42 దాకా ఒక మెట్టు, 43 నుంచి 68 దాకా ఒకటి, 69 నుంచి పైకి మరొకటి. మన దగ్గర వాడే ఇంగ్లిష్ కౌంటు 40 మెట్రిక్‌లో దాదాపు 67.7 అవుతుంది. సరిగ్గా గీత అంచున ఉంటుంది. కాబట్టి విదేశీ మిల్లు తన దేశపు ఎనిమిది, పది అంకెల కోడును ఇన్‌వాయిస్‌పై రాస్తే, దాన్ని ఇక్కడ బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రంలో, అలాగే దించకూడదు. మొదటి ఆరు అంకెలు కూడా సరిచూసుకున్నాకే నమ్మాలి.

‘రంగు వేసిన’ అంటే ఏమిటి

కంటికి రంగుగా కనిపించే ప్రతి బట్టా టారిఫ్ దృష్టిలో రంగు వేసిన బట్ట కాదు. టెక్స్‌టైల్ విభాగానికి ముందున్న ఉపశీర్షిక గమనికలు దీన్ని చాలా కచ్చితంగా నిర్వచించాయి. తాను మొత్తానికి తెలుపు కాని ఒకే రంగు సమంగా వేసి ఉండాలి, లేదా రంగు ఫినిష్ ఇచ్చి ఉండాలి. అదీ కాకపోతే ఒకే సమమైన రంగున్న పోగులతోనే మొత్తం నేసి ఉండాలి. అంటే ముందే రంగు వేసిన పోగుతో నేసినా, పడుగూ పేకా ఒకే రంగైతే అది ‘రంగు వేసిన’ గదిలోనే ఉంటుంది. పోగుకు రంగు వేశారు కాబట్టి వేర్వేరు రంగుల పోగుల బట్ట ఉండే 5208.4 వరుసకు వెళ్లాలి అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు షాంబ్రే విషయంలో జరుగుతుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే అది లేత నీలం బట్ట. అంచు దగ్గర ఒక మూల పట్టుకుని సూదితో ఒక పడుగు పోగు, ఒక పేక పోగు లాగి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెడితే సంగతి బయటపడుతుంది: ఒకటి నీలం, ఒకటి తెలుపు. బ్లీచ్ చేసిన పోగూ రంగు పోగూ కలిస్తే అది వేర్వేరు రంగుల పోగుల బట్ట. సాదా నేతైతే బరువును బట్టి 5208.41 లేదా 5208.42. ఒకే రంగులో రెండు ఛాయల పోగులున్నా ఇదే దారి. రంగు నారలు కలిపి వడికిన మెలాంజ్ పోగుదీ ఇదే దారి. అర నిమిషం పట్టే ఈ సూది పరీక్షను సరుకు బయల్దేరకముందే చేసుకుంటే ఎన్నో నోటీసులు తప్పుతాయి. అయితే అంచు చారలో వాడిన రంగు పోగును లెక్కలోకి తీసుకోరు. మిల్లు పేరు ఎర్ర దారంతో అంచులో నేసినంత మాత్రాన గది మారదు.

తెలుపు మరో చిక్కు. తాను మొత్తానికి తెల్ల రంగు వేసినా, తెల్ల ఫినిష్ ఇచ్చినా అది సాధారణంగా ‘బ్లీచ్ చేసిన’ వర్గమే, 5208.2 వరుస. ఇన్‌వాయిస్‌లో ‘డైడ్ వైట్’ అని ఉన్నా అంతే. ఇక రంగు వేశాక దాని మీద అచ్చు వేస్తే అది అచ్చు బట్ట, 5208.5 వరుస. బాతిక్, బ్రష్‌తో గీసిన డిజైను, ఫ్లాకింగు కూడా అచ్చులోకే వస్తాయి. మెర్సరైజింగు, అంటే మెరుపు కోసం క్షారంతో చేసే పని, మాత్రం గదిని మార్చదు.

మద్రాసు గళ్ల బట్ట ఈ తేడాకు మంచి ఉదాహరణ. చీరాల చుట్టుపక్కల నేసి పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి చేసిన మద్రాసు రుమాళ్లు పలుచని కాటనే, నిండుగా రంగులున్నవే. అయినా వాటి గళ్లు పోగుల రంగులతో వచ్చినవి. కాబట్టి ఆ జాతి బట్ట 5208.4 వరుసది. భారత టారిఫ్‌లో ‘బ్లీడింగ్ మద్రాస్’ అనే పేరు కూడా ఆ వరుసలోనే కనిపిస్తుంది, 5208.3 కింద కాదు.

100 గ్రాముల గీత

ఈ గీత దగ్గర వచ్చినన్ని తగాదాలు మరెక్కడా రావు. సన్న కాటన్‌లో బాగా అమ్ముడయ్యే రకాలు సరిగ్గా ఈ గీతకు అటూ ఇటూ ఉండటమే కారణం. కాగితం మీద బరువు లెక్క కట్టడానికి ఒక సూత్రం ఉంది. అంగుళానికి ఉన్న పడుగు పోగులను పడుగు కౌంటుతో భాగించాలి. పేకకూ అలాగే చేయాలి. రెండూ కలిపి 23.25తో గుణిస్తే చదరపు మీటరుకు గ్రాములు వస్తాయి. 60 కౌంటు పోగుతో 92×88 నేసిన కేంబ్రిక్‌కు ఇది 69.75 గ్రాములు. పోగులు నేతలో వంగుతాయి కాబట్టి మరో అయిదారు శాతం చేర్చినా 100కు చాలా దూరం. ఇక్కడ పేచీ లేదు. 40 కౌంటుతో 132×72 పాప్లిన్‌కు 118 పైచిలుకు. ఇక్కడా లేదు. అదే 40 కౌంటుతో 92×80 నేస్తే లెక్క 99.98 దగ్గర ఆగుతుంది. పోగు వంపు దీన్ని పైకి తోస్తుంది. ఉడకబెట్టి బ్లీచ్ చేసినప్పుడు పోయే మైనం, మలినాలు కిందికి లాగుతాయి. తాను కుదించుకుపోతే మళ్లీ పైకి. చివరికి ఎక్కడ తేలుతుందో లెక్కతో చెప్పలేం, తూచాల్సిందే.

బట్టను వెడల్పుకు లాగి ఆరబెట్టే యంత్రం, స్టెంటర్ మీద జరిగేది కూడా తక్కువేం కాదు. 57 అంగుళాల వెడల్పులో 101 గ్రాములున్న తానును 58 అంగుళాలకు లాగి ఆరబెడితే బరువు 99.3కు దిగుతుంది. ఒకే మిల్లు, ఒకే నేత, ఒకే రంగు, అయినా రెండు లాట్లు రెండు ఉపశీర్షికలు. గంజి లేదా గట్టిదనం ఇచ్చే ఫినిష్ ఎక్కువ పడితే దీనికి ఎదురు జరుగుతుంది. లెక్కలోకి వచ్చేది దిగుమతైన స్థితిలో ఉన్న బట్ట బరువే. మగ్గం దిగినప్పటి గ్రే బరువును ఇన్‌వాయిస్‌లో రాసే మిల్లుల వల్ల ఇక్కడ దిగుమతిదారు ఇరుక్కుంటాడు.

తూకంలో మరో మెలిక తేమ. కాటన్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. పరీక్షకు ముందు బట్టను 27 డిగ్రీల వేడి, 65% తేమ ఉన్న గదిలో స్థిరపడనివ్వాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఐరోపా, చైనా ల్యాబులు సాధారణంగా 20 డిగ్రీలు, 65% తేమ దగ్గర తూస్తాయి. తేమ శాతం ఒకటే కాబట్టి ఈ రెండిటి మధ్య తేడా చిన్నదే. అసలు సమస్య అలాంటి పరీక్ష గది లేకుండా తూచినప్పుడు వస్తుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో చెన్నై గోదాములో గాలి తేమ 85 దాటితే కాటన్ బరువు మామూలుకంటే మూడు శాతం దాకా పెరగొచ్చు. ప్రమాణ స్థితిలో 97.5 గ్రాములున్న బట్ట అక్కడ 100.4 చూపిస్తుంది. వంద చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోసే కట్టరు, అంటే 11.28 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది, చాలామంది వ్యాపారుల దగ్గర ఉంటుంది. అది పనికొస్తుంది, కానీ అయిదు చోట్ల కోసి, అంచులు వదిలి, సగటు తీయాలి. ఆ సగటు 96కీ 104కీ మధ్య వస్తే సొంత తూకాన్ని నమ్మకుండా ల్యాబుకు పంపడమే మేలు. కొనుగోలు ఒప్పందంలోనే 100కు అటో ఇటో అయిదు గ్రాముల ఎడం ఉండేలా రకాన్ని ఎంచుకోవడం ఇంకా మేలు.

85 శాతం గీత

కాటన్ 97, ఎలాస్టేన్ 3 ఉన్న సాగే పాప్లిన్ 5208లోనే ఉంటుంది. కాటన్ 85 కంటే తగ్గి, ముఖ్యంగా కృత్రిమ నారతో కలిస్తే, 200 గ్రాముల లోపుది 5210. లినెన్ (అవిసె నార) లాంటిదానితో కలిసి కాటన్‌దే పైచేయి అయితే 5212. పాలిస్టర్ స్టేపుల్ (పొట్టి నార) ఎక్కువైతే 55వ అధ్యాయం. అక్కడ 5513లో బరువు గీత 200 కాదు, 170 గ్రాములు. ఇది మరిచిపోయి 180 గ్రాముల పాలీకాటన్‌ను 5513లో వేయడం మామూలుగా జరిగే తప్పు. దాని చోటు 5514.

రెండు నారలూ సరిసమానమైతే అంకెల వరుసలో చివర వచ్చే శీర్షిక తీసుకోవాలి. కాటన్ 50, లినెన్ 50 అయితే 5212 కాదు, 5309. ఇంతకంటే లోతైన చిక్కు మూడు నారల మిశ్రమంలో ఉంది. కాటన్ 45, పాలిస్టర్ ఫిలమెంట్ (తెగని పొడవు నార) 30, విస్కోస్ స్టేపుల్ 25 అనుకుందాం. విడిగా చూస్తే కాటనే ఎక్కువ. కానీ కృత్రిమ నారల 54, 55 అధ్యాయాలు రెండిటినీ కాటన్‌తో పోల్చేటప్పుడు ఒక్కటిగా లెక్కించాలన్నది నియమం. 55 శాతంతో అవి గెలుస్తాయి. తర్వాత ఆ రెండిట్లో బరువైన ఫిలమెంట్‌ను చూసి బట్ట 5407కి వెళ్తుంది.

ల్యాబు నివేదికలో ఒక మాట తప్పకుండా చూడాలి: శాతం ఎండబెట్టిన బరువు మీదా, తేమ భత్యం కలిపాకా? పాలిస్టర్–కాటన్ ముక్కను 75% గంధకామ్లంలో వేస్తే కాటన్ కరిగి పాలిస్టర్ మిగులుతుంది. ఎండు బరువులో కాటన్ 84, పాలిస్టర్ 16 వచ్చాయనుకుందాం. కాటన్‌కు 8.5%, పాలిస్టర్‌కు 0.4% తేమ భత్యం చేరిస్తే అవి 91.14, 16.06 అవుతాయి. ఇప్పుడు కాటన్ వాటా 85.02%. ఒకే ముక్క, ఒకే పరీక్ష, కానీ 5210లో ఉండాల్సింది 5208లోకి వచ్చింది. మిల్లు ఒక లెక్కన, ఇక్కడి ల్యాబు మరో లెక్కన నివేదిక ఇస్తే ఇద్దరూ నిజమే చెప్పినా కాగితాలు పొసగవు.

నేతలో వచ్చే తికమకలు

సాదా నేత అంటే ప్రతి పేక పోగూ ఒక పడుగు పోగు మీంచి, తర్వాతి దాని కిందినుంచి వెళ్లాలి. పడుగు కూడా అలాగే. ఆక్స్‌ఫర్డ్ బట్టలో రెండు పడుగు పోగులు జంటగా కదులుతాయి కాబట్టి అది ఈ నిర్వచనంలో పట్టదు, 5208.39కి వెళ్తుంది. డాబీ బుటా, అయిదు పోగుల సాటిన్ కూడా అక్కడికే. రెండు మీంచి ఒకటి కిందికి పోయే ట్విల్ మూడు పోగులది. మూడు మీంచి ఒకటి, లేదా రెండు మీంచి రెండు అయితే నాలుగు పోగులది. ఇవి 5208.33.

‘గాజ్’ అన్న పేరు దగ్గర జాగ్రత్త పడాలి. పసిపిల్లలను చుట్టే మెత్తటి జల్లెడ బట్టను మార్కెట్లో గాజ్ అంటారు. అది చాలావరకు వదులుగా నేసిన సాదా నేతే, 5208లోనే ఉంటుంది. టారిఫ్ 5803లో చెప్పే గాజ్ వేరు. అందులో ఒక పడుగు పోగు పక్క పోగును మెలేసుకుని తిరగాలి. భూతద్దం కింద ఆ మెలిక కనబడకపోతే 5803 వేయకూడదు. అలాగే మడిచి అంచు కుట్టేసిన దుపట్టాలు తాను బట్ట కావు, 6214కి చేరతాయి.

పేర్లు తిరిగి వచ్చే చోటు

ఆరు అంకెల దాకా పేరుకు విలువ లేదన్నాం. చివరి రెండంకెల్లో భారత టారిఫ్ మళ్లీ పేర్లు అడుగుతుంది: లుంగీ, వాయిల్, మల్లు, మస్లిన్, షర్టింగు, కేంబ్రిక్. కేంబ్రిక్ పక్కన ‘మడపోలం’ అని ఉంటుంది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి ఉన్న కాలంలో ఆ ఊరి పేరే అలా మారి బట్టకు అంటుకుంది. గోదావరి జిల్లా ఊరి పేరు నేటికీ కస్టమ్స్ పుస్తకంలో ఉండటం తెలుగు నేతగాళ్ల పనితనానికి దక్కిన గుర్తింపు. పనిలో దీని అర్థం మాత్రం ఒక్కటే: ఆరు అంకెలు పరీక్షతో తేల్చాక, చివరి రెండు వాడకంలో ఉన్న పేరుతో తేల్చాలి. పేరు స్పష్టంగా లేకపోతే ‘ఇతర’ లైను ఉంటుంది.

జేబు మీద ప్రభావం

మూల సుంకం 10% ఉన్న లైను తీసుకుంటే, 100 రూపాయల విలువ మీద సుంకం 10, సర్‌చార్జీ 1, ఆ 111 మీద 5% ఐజీఎస్టీ (దిగుమతిపై వేసే జీఎస్టీ) 5.55. ఐజీఎస్టీకి క్రెడిట్ దొరుకుతుంది కాబట్టి అసలు భారం 11. గది మారితే భారం ఎందుకు మారుతుందంటే, టారిఫ్‌లో కొన్ని టెక్స్‌టైల్ లైన్లకు శాతంతో పాటు కిలోకు లేదా చదరపు మీటరుకు ఇన్ని రూపాయలనే కనీస సుంకం కూడా ఉంటుంది. రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. 2025 బడ్జెట్ తొమ్మిది నిట్ బట్టల లైన్లకు ‘20% లేదా కిలోకు 115 రూపాయలు’ అని పెట్టింది. కిలో 300 రూపాయల సరుకుకు 20% అంటే 60 కాబట్టి కట్టాల్సింది 115, అంటే విలువలో 38 శాతం. కిలో ధర 575 దాటాకే శాతం పైకి వస్తుంది. నేత బట్టా, నిట్ బట్టా అన్న మొదటి ప్రశ్నే ఎంత ఖరీదైనదో ఇక్కడ అర్థమవుతుంది.

చదరపు మీటరు లెక్కన వేసే సుంకం పలుచని బట్టను ఎక్కువగా బాధిస్తుంది. ఉదాహరణకు చదరపు మీటరుకు 20 రూపాయలు అనుకుంటే, 60 గ్రాముల బట్ట కిలోకు 16.67 చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి కిలోకు 333 రూపాయలు పడుతుంది. 180 గ్రాములదానికి 111 మాత్రమే. బిల్లులో కిలోలు, వెడల్పు, పొడవు, జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని అధికారి గుణించి చూసేది ఇందుకే.

చెన్నైలో బిల్లు, మరో ఊళ్లో మదింపు

ముఖం చూడని మదింపు, అంటే ఫేస్‌లెస్ అసెస్‌మెంటు, 2020 జూన్ 8న మొదలైంది బెంగళూరు, చెన్నైల్లోనే. మొదట 84, 85 అధ్యాయాల యంత్రాలకు పెట్టి, అదే ఏడాది అక్టోబరు చివరికి దేశమంతా అన్ని సరుకులకూ తెచ్చారు. రాజాజీ సాలై కస్టమ్ హౌస్ పరిధిలో వేసిన బిల్లును ఇప్పుడు వేరే ఊళ్లోని అధికారి చూడవచ్చు. ఆయన చేతిలో బట్ట ఉండదు, వివరణ ఒక్కటే ఉంటుంది. ‘కాటన్ డైడ్ ఫ్యాబ్రిక్’ అని మూడు మాటలు రాస్తే ప్రశ్న రాక తప్పదు. ప్రశ్నకు జవాబు, దాని మీద నమూనా, నమూనాకు ల్యాబు, ఈలోగా కంటైనరుకు డెమరేజ్, అంటే ఆలస్యపు అద్దె. ‘100% కాటన్, నేసినది, సాదా నేత, తాను మొత్తానికి ఒకే రంగు, 74 జీఎస్‌ఎం, 60×60 కౌంటు, 92×88, వెడల్పు 147 సెంటీమీటర్లు’ అని రాస్తే టారిఫ్ అడిగే వరుసకంతటికీ జవాబు ఒక్క లైన్లో దొరుకుతుంది.

రంగు బట్టకు మరో కాగితం తప్పనిసరి. నిషేధించిన ఆజో రంగులు వాడలేదని గుర్తింపు పొందిన ల్యాబు ఇచ్చిన ధ్రువపత్రం లేకపోతే నమూనాలు తీసి పరీక్షకు పంపుతారు. మన దేశం 1990లలో 112 రంగులను నిషేధించింది. సరుకు ఎక్కకముందు ఆ పరీక్ష చేయించేటప్పుడే నార శాతం, జీఎస్‌ఎం కూడా రాయించుకుంటే అదనపు ఖర్చు స్వల్పం.

గది విషయంలో నిజంగా అనుమానం ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, 18వ సెక్షన్ కింద తాత్కాలిక మదింపు: బాండు ఇచ్చి సరుకు విడిపించుకుని, ల్యాబు ఫలితం వచ్చాక లెక్క తేల్చుకోవడం. రెండోది, ఒకే రకం బట్టను పదేపదే తెప్పించేవాళ్లకు, ముంబై, ఢిల్లీల్లోని ముందస్తు తీర్పుల సంస్థకు దరఖాస్తు. ఆ తీర్పు కొన్నేళ్లు చెల్లుతుంది. ఊరుకుంటే ఏమవుతుందంటే, కోడు తప్పిందని తర్వాత తేలినా మామూలు కేసులో రెండేళ్ల వెనక్కి, దాచిపెట్టారని తేలితే అయిదేళ్ల వెనక్కి వెళ్లి తేడా సుంకం అడగవచ్చు. దాని మీద ఏడాదికి 15% వడ్డీ. దాచిన కేసులో తేడా సుంకంతో సమానమైన జరిమానా కూడా.

అందుకే ప్రతి లాటు నుంచి పూర్తి వెడల్పు ముక్క ఒకటి కోసి, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు రాసి, ల్యాబు నివేదిక జతచేసి అయిదేళ్లు దాచాలి. ఆ సరుకు ఎప్పుడో చొక్కాలై అమ్ముడైపోయి ఉంటుంది. నాలుగో ఏడు నోటీసు వస్తే ఒక పడుగు పోగు, ఒక పేక పోగు లాగి చూపించడానికి మిగిలేది ఆ ముక్క ఒక్కటే.